పగడపు తొట్టిలో సున్నపు లెక్క

పాలకుర్తి అనగానే తెలుగువారికి సోమనాథకవియు, కొండగుహలో వెలసిన సోమేశ్వరుడును గుర్తునకు వత్తురు. వరంగల్లు ప్రాంతమునకు చెంది, 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్న ఈ ఊరు సముద్రమునకు చాల దూరము. అయినను ఇచటి కొండలకును, సముద్రములో ఇల్లు కట్టుకొను పగడపు జీవికిని ఒక సంబంధము కలదు. పగడమునకు కావలసిన సరకు ఇట్టి కొండలనుండియే కడలికి పోవుచున్నది. ఆ సరకు రాకడ ఆగిపోయినచో ఏమగునో తెలిసికొనుటకు, కొందరు ఇండ్లలోను ప్రదర్శనశాలలలోను పెంచు పగడపు తొట్టి మంచి ఉదాహరణము.

కొండనుండి కడలికి

వానచినుకు నేలమీద పడులోపల గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, కొంత పీల్చుకొనును. మట్టిలో చెట్లవేళ్ళును సూక్ష్మజీవులును విడుచు అదే వాయువు మరికొంత దానిలో చేరును. అప్పుడా నీరు మిక్కిలి బలహీనమైన ఆమ్లమగును. తెలంగాణపు కొండలు చాలవరకు గ్రానైటు, నైస్ అను గట్టిశిలలతో ఏర్పడినవి. వానిలో ఫెల్డ్‌స్పారు అను ఖనిజము విస్తారముగా ఉండును. ఈ బలహీనమైన ఆమ్లము వేలకొలది సంవత్సరములు తగులుచుండగా ఆ ఖనిజము శిథిలమై బంకమట్టిగా మారును. దానిలోని కాల్షియము నీటిలో కరగును. ఆమ్లము బైకార్బొనేటుగా మారి కాల్షియముతోపాటు ప్రయాణము చేయును.

ఈ నీటిలో కొంత భూమిలోనికి ఇంకి బావులలో చేరును. స్నానమునకు నీళ్ళు కాచు కాగు లోపల తెల్లని పొర పేరుకొనుట అందరు చూచినదే. నీటిలోని కాల్షియము, బైకార్బొనేటు వేడికి కలిసి కాల్షియము కార్బొనేటుగా అడుగున దిగుటయే ఆ పొరకు కారణము. మిగిలిన నీరు వాగులలో పడి, కృష్ణానదిలో చేరి, బంగాళాఖాతమునకు పోవును. కాగులో పొరయై నిలిచినదియు, కడలిలో పగడమై పెరుగునదియు ఒకే పదార్థము. సున్నపురాయి, గుడ్డుపెంకు, నత్తగుల్ల, ముత్యము ఇవన్నియు ముఖ్యముగా కాల్షియము కార్బొనేటే.

పగడము రాయి కాదు

మంగళసూత్రములలో ముత్యముల సరసను కూర్చు ఎర్రని పగడమును మన స్త్రీలు ఎరుగుదురు. దిబ్బలు కట్టు పగడములు దానికి దూరపు బంధువులు మాత్రమే. అయినను రెంటికిని అస్థిపంజరము కాల్షియము కార్బొనేటే. ఆ పంజరమును కట్టునది మెత్తని చిన్న జంతువు. అది తన శరీరము క్రిందుగా, సముద్రజలమునుండి తీసికొన్న కాల్షియమును కార్బొనేటుతో కూర్చి, పొరపై పొరగా ఇల్లు పేర్చుకొనును. అట్టి జీవులు కోట్లకొలది కలిసి తరతరములు కట్టినదే పగడపుదిబ్బ. కొమ్మలుగల జాతులు కొన్ని ఏడాదికి పది సెంటీమీటర్లు పెరుగును. బండవలె పెరుగు జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప.

ఈ జీవి శరీరములో సూక్ష్మమైన శైవలములు కాపురముండును. అవి పగటివేళ సూర్యకాంతితో ఆహారము తయారుచేసి తమ యజమానికిని పంచి ఇచ్చును. అందుచేత పగడము పగలు వేగముగను, రాత్రి మెల్లగను ఇల్లు కట్టును. థామస్ గోరో అను శాస్త్రజ్ఞుడు జమైకా ద్వీపమున రేడియోధార్మిక కాల్షియమును వాడి ఈ సంగతిని పరీక్షించి, 1959లో ప్రకటించెను.

మన దేశములో పగడపుదిబ్బలు మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాను నికోబారు దీవులయందు కలవు. ఆంధ్రతీరమున అట్టి పెద్దదిబ్బలు లేవు. కృష్ణా గోదావరులు తెచ్చు మంచినీరును, ఒండ్రుమట్టియు వానికి సరిపడవు. వెలుతురు, ఉప్పదనము, తేటనీరు మూడును పగడమునకు కావలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద, 2001లో, దిబ్బలు కట్టు పగడములను మిక్కిలి కట్టుదిట్టమైన రక్షణగల మొదటి షెడ్యూలులో చేర్చిరి. కావున మన సముద్రమునుండి పగడమును పెరికి తెచ్చుటగాని, అమ్ముటగాని నేరము. ఈ వ్యాసము ఇంటిలో పగడము పెంచుమని చెప్పుటకు కాదు. ఇతర దేశములలో పెంచువారు నేర్చుకొన్న రసాయనశాస్త్రమును తెలుపుటకు.

రెండు పద్దులు

ఒక లీటరు సముద్రజలములో సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియమును, 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియమును ఉండును. ఇవిగాక క్షారత్వము అను గుణమొకటి కలదు. నీటిలో ఆమ్లము పోసినచో దానిని ఎంతవరకు విరిచి తట్టుకొనగలదో, ఆ శక్తియే క్షారత్వము. సముద్రజలములో ఈ శక్తి ముఖ్యముగా బైకార్బొనేటు, కార్బొనేటుల వలన కలుగును. నీటిపరీక్షశాలలలో దీనిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియము కార్బొనేటుతో సమానమని చెప్పుదురు. ఆ లెక్కన సముద్రజలపు క్షారత్వము సుమారు 120. తొట్టిలు పెంచువారు వాడు జర్మను డిగ్రీ ఒకటి దాదాపు 18 మిల్లీగ్రాములకు సమానము.

క్షారత్వమును పి.హెచ్. విలువతో కలిపివేయరాదు. పి.హెచ్. అనునది ఆ క్షణమున నీరు ఎంత ఆమ్లముగా నున్నదో తెలుపును. క్షారత్వము నీటిలో నిలువయున్న శక్తిని తెలుపును. మొదటిది చేతిలోని చిల్లర వంటిది. రెండవది పెట్టెలోని సొమ్ము వంటిది.

కడలిలో ఈ రెండు పద్దులును తరుగవు. పగడము ఎంత తీసికొన్నను నీరు అపారము. నదులు క్రొత్తసరకును తెచ్చుచుండును. గాజుతొట్టికి నది లేదు. కావున తొట్టి పెట్టినవాడే నది చేయుపనిని చేయవలెను.

ఏది ముందు తరుగును?

క్రొత్తగా తొట్టి పెట్టినవారు కాల్షియమును తరచు పరీక్షించి, అది సరిగానున్నదని తృప్తిపడుదురు. అయినను పగడము పెరుగుట మానును, రంగు వెలయును, ఒక్కొక్కప్పుడు చచ్చును. కారణమేమి? చిన్న లెక్క వేసి చూతము.

నూరు మిల్లీగ్రాముల కాల్షియము కార్బొనేటు తయారగుటకు 40 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. అదే సమయమున నీటి క్షారత్వము నూరు మిల్లీగ్రాములు తగ్గును. ఈ నిష్పత్తి ఎన్నడును మారదు. ఇప్పుడు 200 లీటర్ల తొట్టి ఒకటి కలదనుకొందము. అందలి పగడములు దినమునకు ప్రతి లీటరునుండి 10 మిల్లీగ్రాముల కాల్షియము కార్బొనేటును కట్టుచున్నవనుకొందము. అనగా దినమునకు కాల్షియము 4, క్షారత్వము 10 చొప్పున తగ్గును.

అయిదు దినములు ఏమియు చేర్చకున్నచో కాల్షియము 420 నుండి 400 కు దిగును. ఇది నూటికి అయిదు వంతుల తరుగుదల, సామాన్యపరీక్షలో కానరాదు. క్షారత్వమో, 120 నుండి 70 కి పడిపోవును. ఇది నూటికి నలుబది రెండు వంతుల తరుగుదల. ఒక పద్దు నిండుగా కనబడుచుండగానే రెండవ పద్దు సగమునకు వచ్చినది. సముద్రజలములో కాల్షియపు నిలువ, కట్టడపు అవసరముతో పోల్చిచూచినచో, క్షారత్వపు నిలువకు ఎనిమిది రెట్లకు మించి ఉన్నది. అందుచేత ఎప్పుడును ముందు అడుగంటునది క్షారత్వమే. కాల్షియమును మాత్రమే చూచు యజమాని తన పగడమును పోగొట్టుకొనుటకు కారణమిదియే.

కావున తొట్టి నిర్వాహకులు రెంటిని కొలిచెదరు. కాల్షియమును 380 నుండి 450 లోపల, క్షారత్వమును 125 నుండి 200 లోపల నిలుపుట వాడుక. అంకెకంటె నిలకడ ముఖ్యము. ఒక్కదినములో క్షారత్వమును 20 కంటె ఎక్కువ పెంచకుండుట మేలు.

సున్నపుతేట

పోయిన సరకును తిరిగి చేర్చుటకు మిక్కిలి సులభమైన పదార్థము ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోను ఉన్నది: సున్నపుతేట. దీనిలో కాల్షియమును, క్షారత్వమును పగడము తీసికొను నిష్పత్తిలోనే ఉండుట దీని గొప్పదనము. ఐరోపాలో పీటర్ విల్కెన్స్ అను అక్వేరియము నిపుణుడు 1970 దశకమున ఈ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను.

పైలెక్కలోని 200 లీటర్ల తొట్టికి దినమునకు 2 గ్రాముల కాల్షియము కార్బొనేటుకు సరిపడు సరకు కావలెను. నూరు గ్రాముల కాల్షియము కార్బొనేటుకు 74 గ్రాముల తడిసున్నము సమానము. కావున 2 గ్రాములకు ఇంచుమించు ఒకటిన్నర గ్రాము చాలును. లీటరు నీటిలో కరుగు సున్నమును సుమారు అంతియే. అనగా దినమునకు ఒక లీటరు తేట. తొట్టినుండి దినమునకు అంతకుమించియే నీరు ఆవిరియగుట కలదు. తరిగిన నీటికి బదులుగా తేటనే పోసినచో రెండుపనులు ఒకటిగా జరుగును.

అయితే పోయు విధానమున జాగ్రత్త వలయును. సున్నపుతేట బలమైన క్షారము, దాని పి.హెచ్. 12 కు మించును. ఒక్కసారిగా కుమ్మరించినచో అచ్చట నీరు పాలవలె తెల్లబడి, కాల్షియమును కార్బొనేటును కలిసి అడుగున దిగును. పగడమునకు పెట్టిన తిండి ఇసుకపాలగును. అందుచేత బొట్టుబొట్టుగా, ముఖ్యముగా రాత్రివేళ చేర్చుదురు. రాత్రి కిరణజన్యసంయోగక్రియ ఉండదు. జీవులన్నియు బొగ్గుపులుసు వాయువును విడుచుటచే పి.హెచ్. తగ్గును. సున్నపుతేట ఆ వాయువునే పట్టుకొని బైకార్బొనేటుగా మార్చును. తాంబూలపు సున్నము, గోడలకు వేయు సున్నము దీనికి పనికిరావు, వానిలో మలినములుండును. బావినీరు కూడ తగదు. శుద్ధజలమే వాడవలెను.

మరి రెండు ఉపాయములు

పగడములు ఎక్కువైనచో ఆవిరియగు నీటికి సరిపడు తేట చాలదు. అప్పుడు రెండు ద్రావణముల పద్ధతిని వాడుదురు. ఒక సీసాలో కాల్షియము క్లోరైడు, వేరొకసీసాలో వంటసోడా కరగించి ఉంచుదురు. రెంటిని ఒకేచోట ఒకేసారి పోయరాదు. తెల్లని అవక్షేపము దిగును. ఒకదాని తరువాత కొంతసేపటికి రెండవదానిని పోయవలెను. దీనివలన ఉప్పు కొంచెము కొంచెముగా మిగిలిపోవును గనుక, అప్పుడప్పుడు తొట్టినీటిలో కొంత మార్చుట అవసరము.

ఒకేపద్దు తరిగినచో దానినే సరిచేయవలెను. మన ఉదాహరణలో క్షారత్వము 70 నుండి 120 కి రావలెనన్నచో, 200 లీటర్లకు సుమారు 17 గ్రాముల వంటసోడా మూడునాలుగు దినములలో విడివిడిగా చేర్చిన సరిపోవును. రెండు పద్దులును స్థానమునకు వచ్చిన తరువాతనే సమభాగముల పద్ధతి మొదలిడవలెను. లెక్క తప్పిన పద్దులో సమముగా జమవేసినను తప్పు తప్పుగానే నిలుచును.

మూడవ ఉపాయము బొర్రాగుహలను తలపించును. పగడపు ముక్కలతోగాని సున్నపురాతి ముక్కలతోగాని నింపిన గొట్టములో తొట్టినీటిని పంపుచు, అందులోనికి బొగ్గుపులుసు వాయువును బుడగలుగా వదలుదురు. నీరు పులిసి రాతిని కరగించుకొని, కాల్షియమును బైకార్బొనేటును మోసికొని తొట్టికి వచ్చును. బొర్రాలో సున్నపురాతిని తొలిచి గుహలుగా మార్చినదియు ఈ చర్యయే. పైకప్పునుండి కారు బొట్టు వాయువును విడిచినచో మరల రాయి ఏర్పడి, అచట స్తంభములై వ్రేలాడును.

ఇంత కాల్షియమును కార్బొనేటును ఉన్న సముద్రజలము తనంతతాను ఎందుకు అవక్షేపము దింపదు? దానికి కాపలాదారు మెగ్నీషియము. పుట్టుచున్న కాల్షియము కార్బొనేటు స్ఫటికములకు అది అంటుకొని, వాని పెరుగుదలను అడ్డును. మెగ్నీషియము తగ్గిన తొట్టిలో ఎంత సరకు పోసినను నిలువదు. మోటారుకును, నీటిని వేడిచేయు కడ్డీకిని తెల్లని పొర పట్టును. కాగులోని సంగతియే తొట్టిలోను జరుగును.

తరగతిలో చేయదగిన పరీక్షలు

పగడము లేకయే ఈ విషయమంతయు పాఠశాలలో చూపవచ్చును.

మొదటిది. సున్నపుతేటలో గొట్టముతో ఊదినచో తెల్లబడును. ఆపక ఊదుచుండినచో మరల తేటబడును. కార్బొనేటు బైకార్బొనేటుగా మారి కరగినది. ఆ తేటను కాచినచో మరల తెల్లబడును. బొర్రాగుహ, తొట్టిగొట్టము, ఇంటికాగు మూడును ఈ ఒక్క పరీక్షనాళికలో ఇమిడి ఉన్నవి. విద్యార్థులు ఊదవలెనేగాని పీల్చరాదు, తేట కంటబడనీయరాదు.

రెండవది. లీటరు స్వేదనజలములో 0.2 గ్రాముల వంటసోడా కరగించినచో దాని క్షారత్వము సముద్రజలపు క్షారత్వమునకు ఇంచుమించు సమానమగును. దీనిలో 100 మిల్లీలీటర్లు తీసికొని, రెండుచుక్కల మిథైల్ ఆరెంజి వేసి, 0.02 నార్మాలిటీగల ఆమ్లమును బ్యూరెట్టునుండి రంగు మారువరకు వదలవలెను. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరు ఆమ్లమునకు క్షారత్వము పది. ఇక్కడ సుమారు 12 మిల్లీలీటర్లు పట్టును. తరువాత ఊరిబావి నీటితోను, వాననీటితోను అదే పరీక్ష చేసి పోల్చవలెను. త్రాగునీటికి భారతీయ ప్రమాణము క్షారత్వమును 200 లోపల ఉండదగినదిగను, వేరు ఆధారము లేనప్పుడు 600 వరకు అనుమతింపదగినదిగను చెప్పుచున్నది. గట్టిశిలల ప్రాంతపు బావినీరు ఆ మెట్లలో ఎచ్చట నిలుచునో విద్యార్థులే కనిపెట్టగలరు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఆ వంటసోడానీటిలోనే మరి 100 మిల్లీలీటర్లు తీసికొని సార్వత్రిక సూచికను వేయవలెను. గొట్టముతో రెండు మూడు నిమిషములు ఊదినచో నీలి ఆకుపచ్చ రంగు పసుపువైపునకు జరుగును; పి.హెచ్. పడినది. ఇప్పుడు సూచిక వేయని మరియొక భాగములో అట్లే ఊది, మిథైల్ ఆరెంజి వేసి ఆమ్లముతో కొలిచినచో, మరల 12 మిల్లీలీటర్లే పట్టును. క్షారత్వము మారలేదు. పెట్టెలోని సొమ్ము అంతియే ఉన్నది. కాని కార్బొనేటు రూపముననున్న కొద్దిభాగమును బైకార్బొనేటుగా మారిపోయినది.

తొట్టినుండి సముద్రమునకు

ఈ మూడవ పరీక్షయే నేడు సముద్రమంతటను జరుగుచున్నది. పారిశ్రామిక విప్లవమునకు పూర్వము గాలిలో పదిలక్షల వంతులలో 280 వంతులున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటినది. దానిలో కొంత సముద్రము పీల్చుకొనుచున్నది. ఉపరితలజలపు పి.హెచ్. సుమారు 0.1 తగ్గినది. అంకె చిన్నదేగాని, దాని అర్థము ఉదజని అయానులు నాల్గవవంతుదాక పెరిగినవని. కాల్షియము తరుగలేదు, క్షారత్వము తరుగలేదు, కాని పగడమునకు ఇల్లు కట్టుటకు అనువైన కార్బొనేటు తగ్గుచున్నది.

దీని ఫలితమును మొదట స్పష్టముగా చూపినవానిలో ఒక పెద్దతొట్టియు కలదు. అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అను గాజుమందిరమున ఇరువదియారు లక్షల లీటర్లకు మించిన కృత్రిమ సముద్రము ఉండెను. అందులో క్రిస్ లాంగ్డన్, ఆయన సహచరులు నీటి రసాయనమును మార్చి చూచి, కార్బొనేటు తగ్గినకొలది పగడపు కట్టడము తగ్గునని 2000లో ప్రకటించిరి. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ ద్వీపమువద్ద సహజమైన దిబ్బమీదనే జరిగిన దీని ఎదురుపరీక్ష ఫలితము 2016లో ప్రకటింపబడినది. దిబ్బమీదుగా పారు నీటిలో క్షారమును చేర్చి క్షారత్వమును పెంచగా, కట్టడము నూటికి సుమారు 7 వంతులు హెచ్చినది. తొట్టి యజమాని రాత్రిపూట బొట్టుబొట్టుగా చేయుపనిని శాస్త్రజ్ఞులు సముద్రములో చేసిచూచిరి.

అట్లయిన సముద్రమునకంతకు సున్నము పోయరాదా అని విద్యార్థి అడుగవచ్చును. సున్నము కావలెనన్న సున్నపురాతిని కాల్చవలెను. నూరు గ్రాముల రాతిని కాల్చిన 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును; బట్టీ ఇంధనమునుండి వచ్చునది దీనికి అదనము. తొట్టిలో సులభమైన లెక్క సముద్రములో సులభము కాదు. పైగా సముద్రజలము వేడెక్కి పగడములు తెల్లబడిపోవుట వేరొక గండము; దానికి సున్నము మందు కాదు.

ప్రకృతికి తనదైన మందు లేకపోలేదు. పాలకుర్తి కొండవంటి ప్రతికొండయు గాలిలోని బొగ్గుపులుసు వాయువును వానతో తాగి, బైకార్బొనేటుగా మార్చి, కాల్షియముతో కూడ సముద్రమునకు పంపుచునేయున్నది. అయితే కొండపని బహు నిదానము. మనుష్యులు రెండువందల సంవత్సరములలో గాలిలోనికి వదలినదానిని సరిచేయుటకు దానికి లక్షల సంవత్సరములు పట్టును. గాజుతొట్టి నేర్పు పాఠము ఇదియే: ఖర్చు వేగము జమ వేగమును మించరాదు. తొట్టిలో ఆ లెక్క తప్పినచో ఒక పగడము పోవును. సముద్రములో తప్పినచో ఎన్నో జీవులకు నీడయైన దిబ్బయే పోవును.